తెల్లపంచె, బోరు నీళ్లు

నెమలిలో మా పెద్దమ్మ వాళ్లింటి పెరట్లో రెండు జామచెట్ల మధ్య దండెం కట్టి ఉంటుంది. ఆ పొద్దున దాని మీద ఒక్క పంచే ఆరుతోంది. సాయంత్రం వేణుగోపాలస్వామి కల్యాణానికి పెదనాన్న కట్టుకోవాల్సిన పంచె. పెద్దమ్మ దాని అంచు పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చాపి, "చూడు, ఎట్లా చేసిందో" అంది. జరీ అంచుకు జానెడు పైన, బట్ట మడతపడిన చోటల్లా పల్చటి టీ చుక్కలు ఒలికినట్టు మరకలున్నాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని మడత వెంట గీతల్లా. లెక్కపెడితే తొమ్మిది.

"ఈ మెషిన్ వచ్చిన దగ్గర్నించీ ఇంతేరా. చేత్తో ఉతికినప్పుడు మల్లెపువ్వులా ఉండేవి" అంది. మెకానిక్ వచ్చి చూశాడట. లోపల డ్రమ్ము తుప్పు పట్టి ఉంటుంది, మార్చాలన్నాడట. నేను టార్చి వేసి చూశాను. డ్రమ్ము అద్దంలా మెరుస్తోంది. అది స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో క్రోమియం ఉంటుంది. గాలి తగలగానే ఆ క్రోమియం లోహం మీద కంటికి కనిపించని గట్టి పొర కడుతుంది, గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. కాబట్టి డ్రమ్ము మీద నాకు అనుమానం కలగలేదు. ఇంకో ప్రశ్న అడిగాను.

"పెద్దమ్మా, బోరు ఎప్పుడు వేయించారు?"

ఆమె కాసేపు ఆలోచించి, "మెషిన్ కొన్న ఏడే. దానికి నీళ్లు జోరుగా రావాలన్నారు కదా, అందుకే బోరూ మోటారూ పైన ట్యాంకూ అన్నీ ఒకేసారి పెట్టించాం" అంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క జవాబులో ఉంది. మన పల్లెల్లో వాషింగ్ మెషిన్ ఒంటరిగా రాలేదు, బోరును వెంటబెట్టుకుని వచ్చింది. అంతకుముందు బట్టలు చెరువు రేవులోనో, కాలవ గట్టునో, చేదబావి దగ్గరో ఉతికేవాళ్లు. ఆ నీళ్లన్నీ గాలికీ ఎండకీ తెరిచి ఉన్నవి. బోరు నీళ్లు అట్లా కాదు. నేలలోపల గట్టి రాతి పగుళ్లలో, గాలి సోకని చోట ఏళ్లతరబడి ఉండి, మోటారు వేసిన రెండు నిమిషాల్లో ట్యాంకులోకి వచ్చేస్తాయి. రెండూ ఒకే ఏడు ఇంట్లో అడుగు పెడితే, మరకకు కారణం కళ్లెదుట ఉన్న మెషినే అనిపించడం సహజం.

నెమలి గంపలగూడెం మండలంలోని ఊరు. ఒకప్పటి కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. తిరువూరు చుట్టుపక్కల పత్తి, మిరప, మామిడి. డెల్టా ఊళ్లలాగా ఇంటి ముందు నుంచే కాలవ పారే నేల కాదు ఇది, బోర్ల మీద బతికే నేల. పక్కనే ఎ.కొండూరు మండలంలోని తండాల్లో కిడ్నీ జబ్బులు జనాన్ని పీడించాక, అక్కడి భూగర్భ జలం మీద పడిన అనుమానం రాష్ట్రమంతా విన్నదే. అక్కడ నీళ్ల మాట ప్రాణాల మాట. దానితో పోలిస్తే పంచె మీద మరక చాలా చిన్న విషయం. కానీ బిందెలోని నీళ్లలో కంటికి కనిపించనివి ఏమున్నాయో తెలుసుకోవడం రెండు చోట్లా మొదటి మెట్టే. తెల్లబట్ట ఆ పనికి పనికొస్తుంది. నీళ్లలో దాగిన దాన్ని బయటపెట్టే కాగితం లాంటిది అది.

జామాకుల పరీక్ష

దండెం పక్కనే జామచెట్టు ఉంది కాబట్టి ల్యాబుకు పోవాల్సిన పని పడలేదు. రెండు గాజు గ్లాసులు తెమ్మన్నాను. ఒకదాన్లో అప్పుడే మోటారు వేసి పట్టిన బోరు నీళ్లు, ఇంకోదాన్లో తాగడానికి కొనే క్యాను నీళ్లు. చూపుకు రెండూ ఒకటే, రెండూ తేటగా ఉన్నాయి. నాలుగు జామాకులు కోసి, రోట్లో వేసి నలగ్గొట్టి, ఆ పసరును సమానంగా రెండు గ్లాసుల్లో వేశాం. క్యాను నీళ్లు లేత ఆకుపచ్చగా మారి అట్లాగే ఉండిపోయాయి. బోరు నీళ్లు ముందు ఆకుపచ్చగానే ఉన్నాయి. ఐదు నిమిషాలు గడిచేసరికి అడుగునుంచి బూడిదరంగు కమ్ముకుంటూ వచ్చింది. ఇంకాసేపటికి నేరేడుపండు కడిగిన నీళ్లలా ఊదా నలుపుకు తిరిగాయి. పెద్దమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుని కిటికీకి ఎదురుగా పెట్టి చూసింది. ఏమీ అనలేదు. మళ్లీ ఇంకో గ్లాసు పట్టి తనే ఒకసారి చేసింది.

జామాకులో వగరు ఉంటుంది. ఆ వగరునిచ్చే పదార్థాలను టానిన్లంటారు. కరక్కాయలోనూ, తేయాకులోనూ, దానిమ్మ తొక్కలోనూ ఉండేవి అవే. టానిన్లకు ఇనుము తగిలితే నల్లటి పదార్థం పుడుతుంది. జామాకు దొరక్కపోతే పాలు పోయని చిక్కటి టీ డికాషన్‌తోనూ ఇదే చేయొచ్చు. ఎంత ఇనుముందో ఈ పరీక్ష చెప్పదు. ఉందా లేదా అన్నది మాత్రం కళ్లకు కట్టిస్తుంది.

తేటనీళ్లలో ఇనుము ఎట్లా దాగుంది? ఇనుము నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి ఫెర్రస్. ఇది నీళ్లలో పంచదారలా కరిగిపోతుంది, రంగు తెలియనివ్వదు. రెండోది ఫెర్రిక్. ఇది మామూలు నీళ్లలో దాదాపు కరగదు, ఎర్రమట్టి రంగు పొడిలా తేలుతుంది. భూమి లోపల ఆక్సిజన్ లేని చోట ఫెర్రస్ రూపమే నిలుస్తుంది. నీళ్లు పైకొచ్చి గాలి తగలగానే ఆక్సిజన్ దాన్ని ఫెర్రిక్‌గా మార్చడం మొదలుపెడుతుంది. బోరు దగ్గర గచ్చు మీద, ట్యాంకు గోడల మీద, బాత్రూమ్ టైల్స్ మధ్య కాషాయం రంగు చారలు పడేది ఇందుకే. చేదబావిలో ఈ మార్పు బావిలోనే జరిగిపోయేది. మార్పు చెందిన ఇనుము అడుక్కి చేరేది, పైన తేరిన నీళ్లను మనం తోడుకునేవాళ్లం.

ఇంక మెషిన్ లోపల ఏం జరుగుతుందో చూడండి. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందన్నది నీటి క్షారగుణం మీద ఆధారపడుతుంది. నీటి పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ వేగం దాదాపు 100 రెట్లు పెరుగుతుంది. ట్యాంకులో పీహెచ్ 7 దగ్గర గంటలు పట్టే పని, సబ్బుపొడి కలిసి పీహెచ్ 9, 10కి ఎక్కిన నీళ్లలో కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. అంటే, మోటారు వేసి అప్పుడే తోడిన నీళ్లను మెషిన్లోకి పంపి, అందులో సబ్బుపొడి వేస్తే, ఇనుమంతా ఒక్కసారిగా తుప్పుగా మారి దిగుతుంది. దిగడానికి అక్కడున్నది బట్టే. నూలు పోగులు సన్నటి జల్లెడలా ఆ తుప్పు నలుసుల్ని పట్టేస్తాయి. మడత పడిన చోట నీళ్లు ఎక్కువసేపు నిలుస్తాయి కనుక అక్కడ మరక ముదురుగా పడుతుంది. పంచె మీద మడతల వెంట గీతలు పడ్డది అందుకు.

ఎంత ఇనుమైతే ఇట్లా జరుగుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, బట్టలకూ పింగాణీకీ మరకలు పడతాయి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. అంటే తాగడానికి పాసైన నీళ్లు కూడా తెల్లబట్టకు ఫెయిలు కావొచ్చు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు అనుకుందాం. పైనుంచి బట్టలు వేసే మెషిన్ ఒక వాయికి జాడింపులతో కలిపి సుమారు 100 లీటర్లు తాగుతుంది. అంటే 200 మిల్లీగ్రాముల ఇనుము. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఇనుము 60 మిల్లీగ్రాములు. వాయి వాయికీ మూడు మాత్రలకు పైగా పొడి చేసి తెల్లబట్టల మీద చల్లుతున్నట్టు లెక్క.

మాంగనీసు అనే ఇంకో లోహం కూడా ఇట్లాగే వస్తుంది. దాని మరక గోధుమరంగు దాటి నల్లగా ఉంటుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము చాలు దానికి.

బ్లీచింగ్ చేసే చేటు

పెద్దమ్మ నాకు చెప్పకుండా దాచిన విషయం ఒకటి ఉంది. ముందు రోజు ఆ మరకల మీద బ్లీచ్ ద్రవం పోసి రుద్దిందట. "పోయేదాన్ని పోనివ్వకుండా ఇంకా ముదిరింది" అంది. ఆమె మీద కోపం తెచ్చుకోలేం. తెల్లబట్ట మీద మరక పడితే బ్లీచ్ అన్నది మనకు అంతగా నూరిపోశారు.

1774లో స్వీడన్‌లో షీలే క్లోరిన్‌ను కనిపెట్టాడు, 1799లో గ్లాస్గోలో టెన్నంట్ సున్నంతో కలిపి దాన్ని పొడిగా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా నెలల తరబడి గడ్డి మీద ఎండబెట్టి తెల్లబరిచే బట్టను కొన్ని గంటల్లో తెల్లబరిచింది ఆ పొడి. టీ, కాఫీ, ఆకు పసరు, పండ్ల రసం లాంటి వాటి మీద అది మహా గొప్పగా పనిచేస్తుంది. ఎందుకంటే వాటి రంగు పెద్ద పెద్ద కర్బన అణువుల వల్ల వస్తుంది. బ్లీచ్ ఆ అణువుల్ని ఆక్సీకరణం చేసి విరగ్గొడుతుంది, రంగు పోతుంది. ఇనుములో విరగ్గొట్టడానికేముంది? ఆక్సీకరణమే అక్కడ మరకకు కారణం. బ్లీచ్ పోస్తే, ఇంకా కరిగి ఉన్న ఫెర్రస్ కాస్తా అక్కడికక్కడే ఫెర్రిక్ అయి పోగులోకి బిగుసుకుంటుంది. ఇనుము మరకకు బ్లీచ్ పోయడమంటే మంటలో నెయ్యి పోయడమే. బోరు నీళ్లలో ఇనుముందని తెలిసిన ఇంట్లో ఉతికే నీళ్లలో బ్లీచ్ కలపడమూ అంతే చేటు.

అయితే ఇది ఇనుము మరకే అని ఎట్లా తెలుస్తుంది? మెషిన్ మరకలు రెండు రకాలు, చూపుకు కాస్త దగ్గరగా ఉంటాయి. మరక మీద ఒక్క నీటిచుక్క వేయండి. చుక్క బట్టలోకి ఇంకి చుట్టూ పాకితే అది లోహపు మరక అయ్యే అవకాశం ఎక్కువ. చుక్క తామరాకు మీద నీళ్లలా ముత్యంలా నిలబడితే అది జిడ్డు. పెద్దమ్మ పంచె మీద చుక్క వెంటనే ఇంకిపోయింది. తర్వాత నిమ్మరసం ఒక బొట్టు వేసి పది నిమిషాలు ఆగితే మరక అంచు లేతబడింది. జిడ్డు మరక నిమ్మకు లొంగదు.

మరకను రంగు చేసినవాళ్లు

ఇక్కడ కాస్త పక్కదోవ పడతాను. మనం ఇప్పుడు తిట్టుకుంటున్న ఈ ఇనుము మరకనే, మన కృష్ణా తీరంలో తరతరాలుగా బతుకుదెరువు చేసుకున్నవాళ్లున్నారు. మచిలీపట్నం, పెడన కలంకారీలో ఆ చిక్కటి నలుపు ఎక్కడిదనుకున్నారు? తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరవేస్తారు. బెల్లం పులిసి పుల్లటి ఆమ్లాలు పుడతాయి, వాటిలో ఇనుము కరుగుతుంది. అటు బట్టను ముందుగానే కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెట్టి ఆరబెట్టి ఉంచుతారు. ఇనుప నీళ్లలో ముంచిన అచ్చో కలమో ఆ బట్టకు తగిలితే నలుపు పుడుతుంది, ఎన్ని ఉతుకులకూ పోదు. మన పెరట్లో జామాకుల గ్లాసులో జరిగింది సరిగ్గా అదే. టీ మరక ఉన్న తెల్లచొక్కాను ఇనుమున్న బోరు నీళ్లలో ఉతికితే గోధుమరంగు పోయి బూడిదరంగు రావడమూ అదే. తెలిసిచేస్తే అద్దకం, తెలియక జరిగితే మరక.

చాకలివాళ్ల దగ్గర ఇంతకంటే గట్టి మరక ఉండేది. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవాళ్లు. దాని మీద సున్నం తగిలిస్తే నల్లగా బిగుసుకునేది. రేవులో బండ మీద బాదినా, చవుటి నీళ్లలో ముంచి బానలో ఉబ్బకు వేసినా ఆ గుర్తు చెక్కుచెదరదు. ఊరందరి మరకల్నీ వదిలించే మనిషి, ఎప్పటికీ వదలని మరకను తన పుస్తకంలా వాడుకున్నాడు. నల్లజీడిదీ మామిడిదీ ఒకే కుటుంబం. తిరువూరు, నూజివీడు తోటల్లో కాయ కోసేవాళ్లను అడగండి, తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన చొక్కా మీద పడితే ఏమవుతుందో చెబుతారు. వాళ్లు తోటకు తెల్లచొక్కా వేసుకురారు.

చవుడు గురించి కూడా ఒక మాట. చవుటి నేలల మీద ఎండాకాలంలో తెల్లగా పొంగే మట్టిలో సోడా ఉంటుంది. జిడ్డును కరిగించే క్షారం అది. ఈనాటి సబ్బుపొడి ప్యాకెట్టులో ఎక్కువ పాళ్లలో ఉండేదీ సోడానే. చాకిరేవు రసాయనశాస్త్రం పోలేదు, ప్యాకెట్టులోకి మారింది. ప్యాకెట్టులోకి రానిదల్లా ఏమిటంటే, ఆ రేవు మనిషి తెలివి. అతనికి తన నీళ్లు తెలుసు. ఏ చెరువులో తెల్లబట్ట తెల్లగా వస్తుందో, ఏ గుంటలో పాలిపోతుందో చేతులు అరిగేలా తెలుసుకున్నవాళ్లు. మెషిన్ మీది బటన్లకు ఆ తెలివి లేదు. ఆ తెలివిని ఇంటివాళ్లే తెచ్చుకోవాలి.

నీలం పెట్టడం కూడా ఈ కథలో భాగమే. పాతబడిన నూలు పసుపు తిరుగుతుంది. దానికి కాస్త నీలం కలిస్తే కంటికి తెలుపుగా తోస్తుంది. ఒకప్పుడు యూరప్‌లో నీలానికి ప్రష్యన్ బ్లూ వాడేవాళ్లు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు అది. దాని అణువులో ఇనుముంది. సబ్బు సరిగ్గా జాడించకుండా ఆ నీలం పెడితే, మిగిలిన క్షారం రంగును విరగ్గొట్టి ఇనుమును తుప్పుగా దించేది. తెలుపు కోసం పెట్టిన నీలమే గోధుమ మచ్చలై తేలేది. 1820ల చివర్లో కృత్రిమ అల్ట్రామెరైన్ వచ్చాక ఆ బెడద తగ్గింది. మన ఇళ్లలో ముద్దనీలంగా వాడింది ఈ అల్ట్రామెరైన్‌నే. తర్వాత 1983లో కేరళలో మొదలైన ఉజాలా లాంటి ద్రవాలు ఊదా రంగు అద్దకంతో అదే పని చేస్తున్నాయి. సబ్బుపొడిలో కలిపే మెరుపు పదార్థాలు ఇంకో దారిలో పోతాయి. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలికాంతిగా బయటికి వదులుతాయి. చీకట్లో డాన్స్ లైట్ల కింద తెల్లచొక్కా వెలిగిపోతుంది చూడండి, దానికి కారణం ఇదే.

ఎర్రనీళ్ల సంగతి

కల్యాణానికి పోయొచ్చిన పంచె మీద పసుపు పడకుండా ఉండదు. సబ్బు తగలగానే ఆ పసుపు మరక రక్తంలా ఎర్రబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు మెషిన్లో ఏ ఎర్రచీర రంగో దిగిందని కంగారుపడతారు. నిజానికి ఈ రసాయన చర్య మనకు కొత్తేమీ కాదు. పసుపులో సున్నం కలిపితే పారాణి. అదే నీళ్లలో కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది. ఆ ఎర్ర మచ్చ మీద నిమ్మరసం పడితే మళ్లీ పసుపే. కర్క్యుమిన్‌కు ఉన్న బలహీనత ఎండ. తడి బట్టను ఎండలో వేస్తే వెలుగుకు ఆ అణువు తనే విచ్చిపోతుంది. పసుపు మరకకు బ్లీచ్ కన్నా రెండు ఎండలు మేలు.

జిడ్డు బూడిద మరక

ఇనుము లేని ఊళ్లలోనూ మెషిన్ తెల్లబట్టల్ని పాడుచేస్తుంది. అది వేరే దారి. ఉప్పునీళ్లు అని మనం పిలిచేవాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బిందె అడుగున తెల్లటి గార కడుతుంది. ఆ కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. లెక్క వేస్తే, లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న 100 లీటర్ల నీళ్లు దాదాపు పావుకిలో సబ్బును నురగ పుట్టకముందే తెట్టు చేసేస్తాయి. ఈనాటి డిటర్జెంట్లు అంత సులభంగా ఓడిపోవు గానీ, వాటికీ దెబ్బ తగులుతుంది. కుంకుడుకాయకు మాత్రం ఈ బాధ లేదు. దాని నురగనిచ్చే సపోనిన్లు కాల్షియంతో ఇట్లా తెట్టు కట్టవు. పట్టుబట్టలకు కుంకుడు రసం వాడిన పాత వాళ్లకు కారణం తెలియకపోయినా ఫలితం తెలుసు.

మెషిన్లో మనకు కనిపించే డ్రమ్ము వెనక ఇంకో తొట్టి ఉంటుంది. నీళ్లు నిలిచేది దాంట్లోనే. దాని గోడలకు ఈ తెట్టు, ఒంటి జిడ్డు, కరగని సబ్బుపొడి, నూలు పీచు, మెత్తదనం కోసం పోసే కండిషనర్ అన్నీ పొరలుగా అంటుకుంటాయి. డిటర్జెంటు అణువుకు రుణావేశం, కండిషనర్ అణువుకు ధనావేశం. ఒకదాన్నొకటి పట్టుకుని మైనం లాంటి ముద్ద అవుతాయి. చల్లనీళ్లతో, సగం నింపిన వాయిలతో, సబ్బుపొడి రెండు మూతలు ఎక్కువే వేసి ఏడాది నడిపితే ఆ పొర ముదురుతుంది. ఒకరోజు అందులోంచి రేకులు ఊడి తెల్లచొక్కా మీద బూడిదరంగు జిడ్డుగీతల్లా అంటుకుంటాయి. ముందునుంచి తెరిచే మెషిన్లలో తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో నల్లబూజు పెరిగేదీ ఇదే తిండి మీద. ఈ మరకలకు గిన్నెలు తోమే ద్రవం, వేడినీళ్లు చాలు. ఇస్త్రీ పెట్టకముందే వదిలించాలి, వేడికి జిడ్డు పోగులోకి పాకుతుంది.

ఆ పొరను రానివ్వకపోవడం కష్టమేమీ కాదు. సబ్బుపొడి తగ్గించండి, కండిషనర్ మానేయండి. నెలకోసారి బట్టలేవీ లేకుండా మెషిన్ తట్టుకోగల వేడినీళ్లతో, కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు 100 గ్రాములు వేసి ఒక వాయి నడపండి. గారా తుప్పూ రెండూ దానికి కరుగుతాయి. ఒక్క విషయంలో మాత్రం ప్రాణం మీదికి వచ్చే జాగ్రత్త కావాలి. నిమ్మఉప్పు గానీ, వెనిగర్ గానీ, ఇంకే పులుపు గానీ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. వాయి అయ్యాక మూత తెరిచి ఆరనివ్వండి. జేబుల్లో పిన్నీసులు, చిల్లర లేకుండా చూడండి. తడిబట్ట మధ్య రాత్రంతా ఉన్న ఒక్క పిన్నీసు పంచెకు చాలినంత తుప్పు ఇస్తుంది.

పంచె మాట

మళ్లీ పెరట్లోకి వద్దాం. గంట పదకొండు. సాయంత్రానికి పంచె కావాలి. రెండు నిమ్మకాయలు పిండి, ఉప్పు కలిపి, జరీకి తగలకుండా మరకల మీద మాత్రమే దూదితో అద్దాం. పులుపుకు జరీలోని లోహం నల్లబడుతుంది కాబట్టి అంచును మడిచి పైన పాలిథీన్ చుట్టాం. పంచెను మంచం మీద ఎండలో పరిచి, ఆరిపోతుంటే మళ్లీ మళ్లీ నిమ్మరసం అద్దుతూ కూచున్నాం.

ఎండ ఎందుకని పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్న అది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఫెర్రిక్ ఇనుమును నాలుగువైపులా పట్టుకుని పోగునుంచి లాగుతుంది. వెలుతురు పడితే ఇంకొకటి కూడా జరుగుతుంది. సిట్రేట్ పట్టులో ఉన్న ఫెర్రిక్ ఇనుము ఎండకు మళ్లీ ఫెర్రస్‌గా మారుతుంది, అంటే కరిగే రూపంలోకి వెనక్కి వెళ్తుంది. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ ఈ చర్య మీదే ఒక ఫొటో పద్ధతి కట్టాడు. ఇంజినీర్ల నీలిరంగు ప్లానులు, ఆ బ్లూప్రింట్లు, అందులోంచే వచ్చాయి. ఫెర్రిక్ సిట్రేట్ పూసిన కాగితం మీద ఎండ పడ్డ చోట ఇనుము మారిపోతుంది. మా మంచం మీద జరుగుతున్నదీ అదే, కాగితం బదులు పంచె.

మధ్యాహ్నం రెండింటికి క్యాను నీళ్లతో జాడించాం. బోరు నీళ్లతో జాడిస్తే ఇనుము మళ్లీ అక్కడే దిగుతుంది కదా. తొమ్మిదిలో ఏడు మరకలు పూర్తిగా పోయాయి, ఒకటి కనీకనిపించకుండా మిగిలింది. బ్లీచ్ ఎక్కువ తాగినది మాత్రం అట్లాగే ఉంది. పెదనాన్న దాన్ని కుచ్చిళ్లలోకి వచ్చేలా కట్టుకుని గుడికి బయలుదేరాడు.

ఇక ముందు ఏం చేయాలన్న దానికి పెద్ద ఖర్చు పెట్టించలేదు. మోటారు వేసి నీళ్లు నేరుగా మెషిన్లోకి పోనివ్వొద్దన్నాను. రాత్రి ట్యాంకు నింపాలి. నీళ్లు ట్యాంకులోకి పైనుంచి షవర్‌లా జల్లుగా పడేట్టు పైపుకు చిల్లుల మూత పెట్టాలి. గాలి ఎంత తగిలితే ఇనుము అంత త్వరగా తుప్పయి అడుక్కి దిగుతుంది. మెషిన్‌కు పోయే గొట్టాన్ని ట్యాంకు అడుగునుంచి కాకుండా జానెడు పైనుంచి తీయాలి. రెండు నెలలకోసారి అడుగు మడ్డి వదిలించాలి. పంచె లాంటి ఖరీదైన తెల్లబట్ట ఉన్న రోజు వాన నీళ్లో, తేరిన నీళ్లో బకెట్టుతో పోసుకోవాలి. ఇనుము ఇంకా ఎక్కువున్నవాళ్లు ఇసుకా మాంగనీసు పూతా ఉన్న ఫిల్టర్ పెట్టుకోవచ్చు, కానీ ముందు నీళ్లను పరీక్షకు పంపి అంకె తెలుసుకున్నాకే.

పెద్దమ్మకు ట్యాంకు మాట పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. గుడినుంచి వచ్చాక, పొద్దుపోయాక, మోటారు వేసి ఒక తెల్లటి ప్లాస్టిక్ బకెట్టు నిండా బోరు నీళ్లు పట్టి, మూత పెట్టకుండా గచ్చు మీద ఉంచి పడుకుంది. తెల్లారి నేను లేచేసరికి పక్కింటావిడను పిలిచి చూపిస్తోంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున కుంకుమ రేణువులంత సన్నటి ఎర్రమడ్డి, వలయంలా. ఆమె చెయ్యి ముంచి వేలితో దాన్ని తీసి, తన తెల్ల చేతిరుమాలు మీద అద్ది, ఆరేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడింది.